పండగ కాని రోజున ఊరికి వెళ్తే

సంపాదకుల వారికి నమస్కారం.

సంక్రాంతి రైళ్లలో బెర్తులు తెరిచిన కాసేపటికే అయిపోయాయని మొన్న మీ పేపర్లో చదివాను. ఏటా వచ్చే వార్తే ఇది. ఇదివరకు 120 రోజుల ముందు బుక్ చేసుకోనిచ్చేవాళ్లు కాబట్టి వినాయక చవితి రోజుల్లోనే వచ్చేసేది, 2024 నవంబరు నుంచి దాన్ని 60 రోజులకు తగ్గించారు కాబట్టి ఇప్పుడు కార్తీకంలో వస్తోంది, అంతే తేడా. ఇంకో నెల పోతే ముగ్గులు, గంగిరెద్దు, హరిదాసు, అరిసెల పళ్లెం ఫొటోలతో మీ సంక్రాంతి ప్రత్యేక పేజీలు కూడా వచ్చేస్తాయి. ఆ పేజీల మీద నాకేమీ కోపం లేదు, మా అమ్మ బతికున్న రోజుల్లో ఆ ముగ్గులు కత్తిరించి బియ్యం డబ్బాలో దాచుకునేది. నా గోల వేరే. 2025 జూలైలో, తొలి ఏకాదశి కూడా వెళ్లిపోయి పండగా పబ్బం ఏమీ లేని ఆషాఢంలో మా ఊరు వెళ్లి అయిదు రోజులు ఉండి వచ్చాను. అప్పటి నుంచీ ఈ ఉత్తరం రాయాలి రాయాలి అనుకుంటూనే ఉన్నాను, మీ బెర్తుల వార్త చూశాక ఇక కూర్చున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు. ఉద్దానం అంటే మీకు తెలిసే ఉంటుంది, ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, మా మండలం, ఈ ఏడింటిలో పరుచుకున్న కొబ్బరి, జీడి, పనస తోటలు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు మా పెద్దవాళ్లు. పేపర్లో మాత్రం మా పేరు ఎక్కువగా మూడు సందర్భాల్లోనే చూస్తాను. తుఫాను వచ్చినప్పుడు, కిడ్నీ జబ్బుల గురించి ఎవరైనా పెద్దమనిషి మాట్లాడినప్పుడు, సంక్రాంతికి.

నాకు పెళ్లయి హైదరాబాద్ వచ్చి 29 ఏళ్లు. ఒక ఆడిటరు గారి ఆఫీసులో లెక్కలు చూస్తాను. అప్పటి నుంచీ ఊరికి వెళ్లడమంటే సంక్రాంతికే, భోగి నాటి పొద్దున దిగడం, ముక్కనుమ సాయంత్రం రైలెక్కడం. అన్నయ్యకు గాజువాకలో ఉద్యోగం, అతనూ అప్పుడే వస్తాడు, మా పాత ఇంటి తాళం అప్పుడే తీస్తారు. ఆ మూడు నాలుగు రోజులూ అన్నయ్య, మా ఆయన, అన్నయ్యతో చదువుకున్నవాళ్లు రావిచెట్టు గట్టు మీద కూర్చుని, బళ్లో ఎవరు ఎవర్ని కొట్టారో దగ్గర మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా నవ్వుకుంటారు. ఆ నవ్వులు వంటింట్లోకి బాగానే వినబడతాయి. గారెలకు పప్పు రుబ్బేసరికి ఒక పూట, పద్దెనిమిది మందికి వడ్డించి గిన్నెలు తోమేసరికి ఇంకో పూట. పుట్టింటికొచ్చిన ఆడపిల్లకు పని చెప్పరంటారు గానీ అమ్మ పోయాక వదిన ఒక్కతే పొయ్యి దగ్గర నిలబడితే మనం మంచమెక్కి కూర్చోలేం కదా.

మా బడిలో పదో తరగతి చదివిన ఆడపిల్లలం పదకొండు మందిమి. మగపిల్లలకైతే సంక్రాంతి అంటే స్నేహితులు కలిసే పండగ. మాకు అలా కుదరదు, కొందరు ఆ రోజుల్లో అత్తారింట్లో ఉంటారు, కొందరికి కొత్త అల్లుళ్లు దిగి ఉంటారు. దారిలో ఎదురైతే ‘ఎప్పుడొచ్చినావే, ఎప్పుడెలతావు’ అని రెండు ముక్కలు, అదీ నడుస్తూనే. ఇరవై ఏళ్లు ఇలాగే గడిచిపోయాయి. ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంది, గుడ్ మార్నింగ్ పువ్వులు పంపుకుంటాం, మాట్లాడుకోం.

మామూలుగా జూలై అంటే మా ఆఫీసులో తలెత్తే వీలుండదు, నెలాఖరుకి ఇన్‌కంటాక్స్ రిటర్నుల గడువు. 2025లో ఆ గడువును సెప్టెంబరు 15కి పెంచారు. వెళ్తే ఇప్పుడే వెళ్లమ్మా, ఆగస్టులో అడిగితే ఇవ్వను అన్నారు మా సారు. ఇంకేం, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వారం ముందు బెర్తు దొరికింది, అదీ కింది బెర్తు! ప్రతి సంక్రాంతికీ తత్కాల్ టెన్షన్ పడి, చివరికి బాత్‌రూము పక్క సైడ్ అప్పర్‌లో ముడుచుకుని వెళ్లే నేను కాళ్లు చాపుకుని పడుకుని తెల్లారేసరికి పలాసలో దిగాను.

దిగాక తెలిసింది మా ఊరికి బస్సు లేదని. నా చిన్నప్పుడు పలాస పక్కనున్న కాశీబుగ్గ నుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వచ్చేవి. సంక్రాంతికి అన్నయ్య కారుతో స్టేషనుకు వస్తాడు కాబట్టి ఆ బస్సు ఆగిపోయిన సంగతే నాకు తెలియదు. షేర్ ఆటోలో పన్నెండు మందిమి ఎక్కాం, కాళ్ల కింద ఎరువు బస్తా, నా ఒళ్లో ఎవరిదో పిల్లాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు, మంచి పనే, మా పిన్ని ఫోన్లో చాలా సంతోషంగా చెప్పింది, చెప్పి తనే నవ్వేసింది, ‘ముందు బస్సు రావాలి గదే, అప్పుడు గదా టిక్కెట్టు మానడం’ అని.

ఊళ్లో నన్ను ‘బాగున్నావా’ అని మొదట అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. అందరిదీ ఒకటే ప్రశ్న, ‘ఏటైందే?’ సాయంత్రానికి నా గురించి మూడు కథలు తిరిగాయి. భూమి అమ్మడానికి వచ్చానని ఒకటి, మా ఆయనతో గొడవపడి వచ్చేశానని ఒకటి, ఒంట్లో బాగోక పలాస ఆస్పత్రిలో చూపించుకోవడానికి వచ్చానని ఒకటి. మొదటి కథకే బలం ఎక్కువ. మర్నాడు పొద్దున్నే వరసకు మావయ్య అయ్యే ఒక పెద్దాయన పిన్ని ఇంటి అరుగు మీదకు వచ్చి కూర్చుని, వాన గురించి కాసేపు, పనస పళ్లు ఈసారి నీరు పట్టేశాయని కాసేపు మాట్లాడి, టీ తాగి, గ్లాసు కింద పెట్టి, చివర్లో మెల్లిగా ‘సెంటు ఎంత చెప్తన్నావమ్మా’ అన్నాడు. అమ్మడానికి రాలేదు మావయ్యా, మిమ్మల్నందర్నీ చూడ్డానికే వచ్చాను అన్నాను. ‘చూడ్డానికైతే పండక్కి వస్తారు గదా’ అన్నాడు. వెటకారం ఏమీ లేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు పాపం. నాకు మాత్రం ఆ మాట అయిదు రోజులూ గుచ్చుకుంటూనే ఉంది.

మా వీధిలో 22 ఇళ్లు. పని లేక లెక్కపెడితే తొమ్మిదింటికి తాళాలు, మాదీ కలిపి. సంక్రాంతికి ఆ తొమ్మిదీ తెరిచి, సున్నం కొట్టి, సీరియల్ బల్బులు వేలాడదీసి, ముందు కార్లు పెట్టి ఉంటాయి కాబట్టి ఇన్నాళ్లూ నాకు అది నిండు వీధిలాగే కనబడింది. మిగతా ఇళ్లలో కూడా చాలా చోట్ల ముసలివాళ్లు ఇద్దరు, లేదా ఒకరు. పిల్లలు గల్ఫులో వెల్డర్లు, రిగ్గర్లు, లేదంటే చెన్నై, ముంబై, పారాదీప్. ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్లు గుజరాత్‌లో వెరావల్ దాకా వెళ్లి అక్కడి బోట్ల మీద వేటకు పోతారు. 2018లో అలా వెళ్లిన మన ఉత్తరాంధ్రవాళ్లను పాకిస్తాన్ పట్టుకుపోతే 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి తిరిగొచ్చారు, గుర్తుందా? అప్పుడు మేం హైదరాబాద్‌లో పేపరు చూసి ‘మన పక్క ఊళ్లవాళ్లే’ అని గొప్పగా చెప్పుకున్నాం, అంత దూరం ఎందుకు పోవాల్సి వచ్చిందో మాత్రం మాట్లాడుకోలేదు.

ఊళ్లో మిగిలినవాళ్లు తీరిగ్గా ఉంటారనుకుని వెళ్లాను, అది నా అమాయకత్వం. ఉభాలు నడుస్తున్నాయి. (హైదరాబాద్‌లో ఈ మాట చాలామందికి తెలియదు, వరి నాట్లు.) పిన్నికి 68 ఏళ్లు, పొద్దున ఆరింటికల్లా చోడి (రాగి) అంబలి తాగి, ఇంకొంత చెంబులో పోసుకుని మడిలోకి పోతుంది. రెండో రోజు నేనూ వెంట వెళ్లి, చీర పైకి దోపి దిగాను. పావుగంటకే నడుం పట్టేసి గట్టెక్కాను. ‘హైదరాబాదు నడుం’ అని ఒకావిడ అనగానే మడి మడంతా నవ్వింది. మధ్యాహ్నం ఆ గట్టు మీదే అందరితో కూర్చుని కవళ్ల చేపల పులుసుతో అన్నం తిన్నాను. వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది కాబట్టి జూలైలో తాజా చేప దొరుకుతుంది. సంక్రాంతికి మాంసమే గానీ ఈ పులుసు ఎవరూ పెట్టరు, చుట్టాలకు కవళ్లు పెట్టడమేమిటని నామోషీ.

సాయంత్రం నాన్న తోటకి వెళ్లాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. 2013లో పైలీన్, 2014లో హుద్‌హుద్, తర్వాత ఇది, మాకు అక్టోబరు అంటేనే భయం. పైలీన్‌కీ హుద్‌హుద్‌కీ నిలబడిన నాన్న తోటలో తిత్లీ తర్వాత 46 కొబ్బరి చెట్లకు అయిదు మిగిలాయి. నాన్న ఏం మాట్లాడకుండా ఆ వేసవి పోయాక కొత్త మొక్కలు పెట్టించాడు. కొబ్బరి కాపుకు రావడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది, అప్పటికి తనుండడని ఆయనకూ తెలుసు, ఉండలేదు కూడా. తుఫాను తర్వాత ఏడు సంక్రాంతులు వెళ్లాను నేను, ఏడుసార్లూ ఆ తోట పక్క నుంచే కార్లో పోయాం, ఎప్పుడూ దిగలేదు. ఈసారి నడిచి వెళ్లి చూస్తే పదకొండు చెట్లకు గెలలు దిగి ఉన్నాయి. ఎప్పటి నుంచి కాస్తున్నాయి పిన్నీ అంటే, నిరుడు దసరా ముందు నుంచీ అంది. అంటే మొన్న సంక్రాంతికి నేనక్కడ ఉన్నప్పటికే కాస్తున్నాయి.

స్నేహితుల దగ్గరకు వస్తాను, అసలు వెళ్లింది వాళ్ల కోసమే. పదకొండు మందిలో ముగ్గురు చుట్టుపక్కలే ఉన్నారని తెలిసింది. ఒకావిడ కూతురి పురిటికి బరంపురం వెళ్లింది, దొరకలేదు. ఇంకొకావిడ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేస్తుంది. పౌనుకు (అరకిలోకి కాస్త తక్కువ) ఎన్ని పప్పులు తూగుతాయో దాన్నిబట్టి 180, 210, 240, 320 అని రకాలు, అంకె తగ్గే కొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. తను గుప్పిట్లోకి తీసుకుని చూడకుండానే 240 అంటుంది, 320 అంటుంది. లెక్కల్లో మా క్లాసులో ఆఖరు తనే, నా కాపీ చూసి రాసేది! హైదరాబాద్‌లో నేను ఏ కొట్లో ఎంతకు కొంటానో చెప్తే, ‘అది 320 కూడా కాదే, బద్దలు కలిపేసినారు’ అని జాలిపడింది. వాళ్లది సొంతంగా ఎకరం జీడి తోట ఉంది. ఆ మధ్య ఉద్దానం రైతులు 80 కిలోల జీడి పిక్కల బస్తాకు 16 వేలు ఇప్పించమని రోడ్డెక్కారు కదా, అందులో వాళ్ల ఆయన కూడా ఉన్నాడట. మొగుడు పిక్కల ధర పెరగాలని ధర్నా, పెళ్లానికి ఆ పిక్కలు కొనే ఫ్యాక్టరీలో కూలి. ఇంట్లో ఎవరి పక్షం అని అడిగితే, ‘అన్నం వండేది నానే గదా, నా పక్షమే’ అంది.

మూడో ఆవిడ గురించి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఫోన్ చేసి అడిగితే రాయమంది, పేరొద్దంది. తనకు వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాలు డయాలసిస్. ఏడాదిన్నర పైనే అయిందట. ఈ ఏడాదిన్నరలో సంక్రాంతికి నేను తనని చూశాను, పట్టుచీర కట్టుకుని గుడి దగ్గర కనబడింది, చిక్కావేమే అంటే షుగరు అంది, సరే అనుకుని వచ్చేశాను. చేతి మీద సూదులు గుచ్చేచోట ఉబ్బు ఉంటుంది, అది పండక్కి వచ్చినవాళ్లకు కనబడకూడదని మోచేతి కిందిదాకా చేతులుండే జాకెట్టు ప్రత్యేకంగా కుట్టించుకుందట.

నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. నాన్న చెట్లు కాశాయన్న సంబరంలో గురువారం నాలుగు బొండాలు దింపించి వాళ్లింటికి పట్టుకెళ్లాను, కత్తి కూడా నేనే అడిగి చెక్కించి చేతికిచ్చాను. వాళ్ల కోడలు నన్నొక చూపు చూసింది. బొండం నీళ్లలో పొటాషియం ఎక్కువట, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు తాగకూడదట. మామూలు నీళ్లే రోజుకు కొలిచి తాగుతుంది. చుట్టూ ఎటు చూసినా కొబ్బరి చెట్లే, పెరట్లో కూడా రెండున్నాయి. నాకు ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోతే, తనే ‘నువ్వు తాగే, నాను సూత్తాను’ అని బలవంతాన తాగించింది. గొంతు దిగలేదు, అయినా తాగాను.

శుక్రవారం తనతో ఆస్పత్రికి నేను వెళ్లాను. మామూలుగా ఒక్కతే వెళ్లి ఒక్కతే వస్తుంది, కొడుకు కతార్‌లో, ఆయన పశువుల్ని వదిలి రాలేడు, కోడలికి చంటిపిల్ల. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి, హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్లతో పైపులు వేసి వంశధార నీళ్లు ఇచ్చే పథకం వచ్చింది, డయాలసిస్ వాళ్లకు నెలకు 10 వేల పింఛను ఇస్తున్నారు. ఇవేవీ లేనప్పుడు మా ఊరి మనుషులు విశాఖ కేజీహెచ్ ఆస్పత్రి వరండాలో ఎలా పడుకున్నారో మాకు తెలుసు కాబట్టి వీటిని తక్కువ చేసి మాట్లాడను. ఈ జబ్బు మా ఉద్దానానికే ఇంతగా ఎందుకు పట్టుకుందో మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ ఇదీ అని తేల్చలేదు.

మెషీను మీద నాలుగు గంటలు. సిస్టరమ్మను బతిమాలి కాసేపు లోపల స్టూలు మీద కూర్చున్నాను. సోషలు మాస్టారి ముక్కుపొడుం, హాఫియర్లీ పరీక్ష ఎగ్గొట్టి కాశీబుగ్గలో సినిమాకు పోతే మా మావయ్యే వెనక వరసలో దొరికిపోవడం, ఎవరికీ చెప్పొద్దని ఆయనే మమ్మల్ని బతిమాలడం, ఇవన్నీ చెప్పుకున్నాం. పక్క మంచం మీద పెద్దావిడ కూడా మా మాటలు వింటూ మధ్యలో నవ్వుతోంది. ‘ఎప్పుడూ ఈ ఫ్యాను రెక్కలు లెక్కెడుతూ ఉంటాను, ఇయాల బేగి అయిపోనాది’ అంది నా స్నేహితురాలు లేచాక. మూడు రెక్కలే కదే, లెక్కెట్టడానికి ఏముంది అన్నాను. నాలుగు గంటలు ఉండి చూడు తెలుస్తుంది అంది. మరి సంక్రాంతికి నాతో చెప్పలేదేం అని అడిగాను. ‘పండగపూట అందరూ సంతోషంగా వస్తారు, ఆ మూడు రోజులూ నాకూ ఏటీ లేనట్టే ఉంటది, అదెందుకు పాడుచేసుకోవాలే’ అంది.

సంపాదకులు గారూ, ఇది చదివి సెలవులెక్కడివండీ అని మీ పాఠకులు అంటారని తెలుసు. పిల్లల పరీక్షలు, ఆఫీసులు, ఖర్చు, అన్నీ నిజమే. 29 ఏళ్లలో ఒక్కసారి, అదీ రిటర్నుల గడువు పెంచితే వెళ్లినదాన్ని, నేనెవరికీ చెప్పేంతదాన్ని కాదు. సంక్రాంతికి పోవద్దనీ అనడం లేదు, ఆ మూడు రోజుల కోసమే ఏడాదంతా ఎదురుచూసే ముసలివాళ్లున్నారు. కానీ ఏడాదికి ఇంకొక్కసారి, పండగ కాని ఒక వారంలో, రెండు రోజులైనా వెళ్లి చూడండి. బెర్తు కోసం కొట్టుకోనక్కర్లేదు. మొదటి రోజు భూమి అమ్మడానికొచ్చారంటారు, అది భరించాలి. ఆడవాళ్లయితే మరీ వెళ్లండి, పిల్లల్నీ ఆయన్నీ ఇంట్లో వదిలి ఒక్కరే వెళ్లండి, లేకపోతే అక్కడా వంటింట్లోనే ఉంటారు.

మీకూ ఒక విన్నపం. ఉత్తినే విమర్శ అనుకోవద్దు, ముప్పై ఏళ్లుగా మీ పేపరే తెప్పించుకుంటున్నాను. ఈసారి సంక్రాంతి పేజీలు మామూలుగానే వేయండి, ముగ్గులు కత్తిరించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ ఆ ఫొటోలు తీసిన ఊళ్లకే వచ్చే ఆషాఢంలో మీ విలేకరులను మళ్లీ పంపండి. అవే ఇళ్ల ముందు నిలబడి ఎన్ని తాళాలున్నాయో చూడమనండి, ఉభాలకు ఏ వయసువాళ్లు వస్తున్నారో చూడమనండి, మా ఊరి బస్సు ఎప్పుడు ఆగిపోయిందో కనుక్కోమనండి. నేను నలుగుర్ని అడిగితే నాలుగు సంవత్సరాలు చెప్పారు.

ఈ సంక్రాంతికి నేను వెళ్లడం లేదు. అన్నయ్యకు చెప్తే రెండు రోజులు మాట్లాడలేదు, ఇప్పుడు సర్దుకున్నాడు. ఫిబ్రవరిలో వెళ్తున్నాను, జీడి పూత మీద ఉంటుంది అప్పుడు, మార్చి హడావుడి మొదలుకాకముందే వచ్చేయమని మా సారు కూడా ఒప్పుకున్నారు. హైదరాబాద్ నుంచి ఏం తేవాలే అని మా స్నేహితురాలిని అడిగాను. ఏమీ వద్దు, మంగళవారం, శుక్రవారం ఇంకెవరికీ మాటివ్వకుండా ఉంచుకో అంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హైదరాబాద్